చాక్లెట్ కాస్మోస్: దుంప బతికుందో లేదో చూడడం, ఒక మొక్క నుంచి నాలుగు చేసుకోవడం

మీ ప్రశ్న చదివాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు, తోటంతా బంకమట్టి. నిరుడు జులైలో పూలతో ఉన్న చాక్లెట్ కాస్మోస్ (చాక్లెట్ వాసన వచ్చే ముదురు ఎరుపు పూల మొక్క) కుండీ కొని నేలలో నాటారు. అక్టోబరు దాకా పూసింది, చలికాలమంతా అలాగే వదిలేశారు, ఇప్పుడు మే మూడో వారం వచ్చినా ఒక్క మొలక కూడా లేదు. చచ్చిపోయిందా? బతికుంటే ఇంకో నాలుగు మొక్కలు ఎలా చేసుకోవాలి? ఎండిన పూలలో గింజలన్నీ ఎందుకు తాలుగా ఉన్నాయి? డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళేటప్పుడు అమ్మగారికి ఒక దుంప తీసుకెళ్ళొచ్చా? మీరు అడిగినవి ఇవీ. నేను ఎసెక్స్‌లో ఉంటాను, ఈ మొక్కని చాలా కాలంగా పెంచుతున్నాను, అడిగినవాళ్ళకి పంచుతున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మీ టెన్షన్ సంగతి. ఇంకా ఆశ వదలకండి, ఆ చోట పార మాత్రం వేయకండి. ఇంగ్లండ్ తోటల్లో ఇది అన్నిటికన్నా ఆలస్యంగా లేచే మొక్కల్లో ఒకటి. పక్కనున్న డాలియాలు జానెడు పెరిగిపోయినా దీని జాడ ఉండదు. మే చివర్లో, చలిగా ఉన్న ఏడాదైతే జూన్‌లో గానీ తల బయటపెట్టదు. చాక్లెట్ కాస్మోస్‌ని పోగొట్టుకున్నామని చెప్పేవాళ్ళలో చాలామంది నిజానికి మంచుకి పోగొట్టుకోలేదు. చచ్చిపోయిందనుకుని మేలో ఆ చోట తవ్వి, వేరే మొక్క పెట్టేశారు. లోపల మేలుకుంటున్న మొగ్గలు పార దెబ్బకి తెగిపోయాయి.

ఉందో లేదో చూడాలంటే చేత్తోనే చూడండి. నిరుటి ఎండు కాడలు ఎక్కడున్నాయో అక్కడ వేళ్ళతో మట్టిని నెమ్మదిగా పక్కకి తీయండి. నాలుగైదు సెంటీమీటర్ల లోపే కాండం మొదలు తగులుతుంది, దాని కింద వేలెడు పొడుగున్న దుంపలు గుత్తిగా ఉంటాయి. ఒక దుంపని మెత్తగా నొక్కండి. గట్టిగా ఉంటే సగం గెలిచినట్టే. పైతొక్కని గోటితో చిన్న గీత గీకితే లోపల తెల్లగా, తడిగా కనిపించాలి. గోధుమ రంగు గుజ్జులా ఉంటే కుళ్ళిపోయింది, కాగితంలా బోలుగా ఉంటే ఎండిపోయింది. అయితే దుంప ఒక్కటి చూసి సంబరపడకండి. కాండం దుంపకి కలిసే మెడ ఉంటుంది కదా, అసలు చూడాల్సింది అక్కడ. గుండుసూది తలంత బొడిపెలు కనిపిస్తే అవే మొగ్గలు. కనిపించగానే మట్టి మళ్ళీ కప్పేసి వదిలేయండి.

ఈ మెడ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ మొక్కని పెంచడంలో కష్టమంతా అక్కడే ఉంది. దుంప కేవలం తిండి నిల్వ. దాని ఒంటి మీద ఎక్కడా కన్ను ఉండదు. బంగాళాదుంపలా ముక్క కోసి పాతితే మొలుస్తుందనుకోవద్దు. కంద నాటేవాళ్ళు ప్రతి ముక్కకీ నడి మొగ్గలో కొంత వచ్చేలా చూసి కోస్తారు కదా, ఇక్కడా అంతే. మెడలో కాస్త భాగం, అందులో ఒక మొగ్గ లేకపోతే ఎంత బొద్దుగా ఉన్న దుంపైనా నేలలో కొన్నాళ్ళు గట్టిగానే ఉండి, చివరికి మొలకెత్తకుండానే పోతుంది. మంచు మొదట కొట్టేది ఈ మెడనే, కుళ్ళు మొదలయ్యేదీ ఇక్కడే, నత్తలు తినేదీ ఇక్కడి లేత మొలకలనే. అందుకే నేను చెప్పేవన్నీ ఈ రెండంగుళాల చోటు చుట్టూనే తిరుగుతాయి.

ఇది చామంతి కుటుంబం మొక్క, శాస్త్రీయ నామం కాస్మోస్ అట్రోసాంగ్వినియస్. సొంతూరు మధ్య మెక్సికో. గ్వానహ్వాటో, కెరేటరో, సాన్ లూయిస్ పొటోసి రాష్ట్రాల కొండల మీద, సుమారు 1,800 నుంచి 2,450 మీటర్ల ఎత్తున, ఓక్ చెట్లూ పైన్ చెట్లూ కలిసిన అడవుల్లో పెరుగుతుంది. అక్కడి వాతావరణం అర్థమైతే పెంపకం సగం అర్థమైనట్టే. వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి, మొక్క పెరిగి పూసేది అప్పుడే. శీతాకాలం పొడిగా ఉంటుంది, దుంప ఆ పొడి నేలలో నిద్రపోతుంది. మన దగ్గర ఇంగ్లండ్‌లో సరిగ్గా తిరగబడింది. నిద్రపోవాల్సిన నెలల్లో నేల చిత్తడిగా ఉంటుంది, పైగా మంచు. పొడి మట్టిలో ఉన్న దుంప మైనస్ అయిదు దాకా తట్టుకోవచ్చు గానీ, నీళ్ళు నిలిచిన బంకమట్టిలో అంతకన్నా చాలా ముందే మెత్తబడిపోతుంది. మీ తోట బంకమట్టి అన్నారు కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను: ఇప్పుడు కాదు గానీ, అక్టోబరులో ఈ మొక్కని నేలలోంచి కుండీలోకి మార్చేయండి.

తాలు గింజల సంగతి. తప్పు మీది కాదు, తేనెటీగలదీ కాదు. ఈ మొక్క తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. జన్యుపరంగా వేరే మొక్క పుప్పొడి పడితేనే గింజ కడుతుంది. పక్కన ఇంకోటి కొని పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే దీని చరిత్ర అడ్డొస్తుంది.

1860 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని ఇప్స్విచ్‌కి చెందిన విలియం థాంప్సన్ అనే విత్తనాల వ్యాపారి మెక్సికో విత్తనాల నుంచి దీన్ని పెంచి పూయించారు. లండన్‌లోని క్యూ వృక్షోద్యానం డైరెక్టర్ విలియం జాక్సన్ హుకర్ 1861లో దానికి శాస్త్రీయ వర్ణన రాశారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ తోటల్లో రకరకాల మొక్కలు పోయి, చివరికి మిగిలింది ఒకే మొక్క సంతానం. సంతానం అంటే గింజల ద్వారా కాదు, కటింగ్‌ల (కోసి నాటే మొలకలు, కొమ్మల) ద్వారా, తర్వాత టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి మొక్కలు పెంచడం) ద్వారా. అరటిలో టిష్యూ కల్చర్ గురించి మనవాళ్ళందరికీ తెలుసు, అదే పద్ధతి. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం దేశదేశాల్లో అమ్మిన చాక్లెట్ కాస్మోస్ అంతా ఆ ఒక్క మొక్కకి నకళ్ళే. కాబట్టి అలాంటివి పది కొని పక్కపక్కన పెట్టినా, మొక్క దృష్టిలో అది తన పుప్పొడే. గింజ కట్టదు.

అడవిలో ఇది పూర్తిగా అంతరించిపోయిందని చాలా ఏళ్ళు అందరూ రాశారు, నర్సరీ ట్యాగుల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ మాట నిజం కాదు. మెక్సికో వృక్ష శాస్త్రజ్ఞులు తమ కొండల్లో ఇది పెరుగుతూనే ఉందని చూపించారు. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించిన వార్త. అయితే మన తోటల పరిస్థితి దానితో మారిపోదు, ఎందుకంటే మన దగ్గరున్నది ఇంకా ఎక్కువగా ఆ పాత ఒక్క మొక్కే. ఒకే మొక్కని ఇన్నేళ్ళు ముక్కలు చేసుకుంటూ పోతే, ఒక వైరస్ అంటుకుంటే అన్నిటికీ ఒకేలా అంటుకుంటుంది.

గింజ కట్టే మొక్కలు న్యూజిలాండ్‌లో బయటపడ్డాయి. ఒటాగో విశ్వవిద్యాలయంలో జన్యు శాస్త్రవేత్త రసెల్ పౌల్టర్ వాటి మీద పనిచేశారు. అక్కడి నుంచి విత్తనంతో పెంచే రకాలకి దారి దొరికింది. ఇప్పుడు బ్లాక్ మ్యాజిక్ అనే పేరుతో విత్తనాలు దొరుకుతున్నాయి. విత్తనం నుంచి వచ్చిన ప్రతి మొక్కా కొద్దిగా వేరు, అందుకే అవి ఒకదానితో ఒకటి గింజ కడతాయి. పువ్వు రంగులో, ఎత్తులో, వాసనలో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. కొంతమందికి అది నచ్చదు, నాకు మాత్రం అదే అసలైన అందం. మీకు ఇంకో మొక్క కొనే ఉద్దేశం ఉంటే నా మాట విని విత్తనం నుంచి వచ్చినదే కొనండి. మీ పాత మొక్కకి కూడా అది జంటగా పనికొస్తుంది. తరువాతి ఏడు తాలు కాని గింజలు మీ చేతికే రావచ్చు. మంచి గింజ సన్నగా, నల్లగా, గోరు పెడితే గట్టిగా తగులుతుంది. తాలుది నలిపితే పొట్టు.

ఇక మీకు అసలు కావాల్సింది, ఒకటి నాలుగు చేసుకోవడం. మూడు దారులున్నాయి: మొలకల కటింగ్, దుంపల విభజన, విత్తనం. మొదటిదే నేను ఎక్కువగా నమ్ముతాను.

కటింగ్‌కి సరైన కాలం వసంతం మొదలు, అంటే మార్చి, ఏప్రిల్. ఆగస్టులో మొక్క గుబురుగా, పచ్చగా ఉన్నప్పుడు కొమ్మలు కోసి పెట్టాలనిపిస్తుంది. వేళ్ళు కూడా వస్తాయి, అందుకే జనం మోసపోతారు. వేళ్ళు రావడం వేరు, శీతాకాలం దాటడానికి కావాల్సిన దుంప, మెడలో మొగ్గలు తయారవడం వేరు. వాటికి పూర్తి వేసవి కావాలి. ఆలస్యంగా పెట్టిన కటింగ్ సెప్టెంబరులో చక్కగా కనిపించి, నవంబరులో పైభాగం ఎండిపోయాక కింద ఏమీ లేకుండా పోతుంది. ముందుగా పెట్టిన కటింగ్ అయితే అదే వేసవి చివర్లో పూస్తుంది, అక్టోబరుకి చిన్నవైనా నిజమైన దుంపలు కడుతుంది.

మార్చికి మొలకలు కావాలంటే బయట నేలలో ఉన్న మొక్కతో కుదరదు. ఫిబ్రవరి మధ్యలో దుంప ఉన్న కుండీని ఇంట్లో వెలుతురున్న కిటికీ దగ్గరకో, వెచ్చటి గ్రీన్‌హౌస్‌లోకో తేవాలి. పదిహేను, పద్ధెనిమిది డిగ్రీలుంటే చాలు. మట్టి కొద్దిగా తడపండి, నీళ్ళు పోయకండి. మొలకలు వచ్చి అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు కాగానే కటింగ్ తీయండి. అంతకన్నా పొడుగైతే కాడ లోపల బోలు పడి కుళ్ళుతుంది.

తీసే పద్ధతి జాగ్రత్తగా చదవండి. మొలక మొదట్లో ఉన్న మట్టిని చిన్న బ్రష్‌తో తుడిచి, అది మెడకి ఎక్కడ అతుక్కుందో కనిపించేలా చేయండి. పదునైన బ్లేడ్‌ని స్పిరిట్‌తో తుడవండి. మొలకని రెండు వేళ్ళతో పట్టుకుని, మెడ తొక్కలో గోరు చంద్రవంకంత చీలిక కూడా మొలకతో వచ్చేలా కోయండి. ఆ చీలిక నుంచే వేళ్ళు గట్టిగా వస్తాయి. అడుగున ఆ చీలిక లేకుండా పైన కోసినదానికీ వేళ్ళు రావచ్చు గానీ, తర్వాత మెడలో మొగ్గలు కట్టడంలో అది వెనకబడుతుందని నా అనుభవం. అన్ని మొలకలూ కోసేయకండి. కనీసం రెండు తల్లికి వదిలేయండి, లేకపోతే తల్లీ పోతుంది.

కింది ఆకులు తీసేసి, కంపోస్ట్, పెర్లైట్ (నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్లటి గుళికలు) సగం సగం కలిపిన చిన్న కుండీలో అంచుకి దగ్గరగా గుచ్చండి. వేళ్ళు రప్పించే హార్మోన్ పొడి ఉంటే కొద్దిగా అద్దండి, లేకపోయినా ఫరవాలేదు. కింది నుంచి వెచ్చదనం 18 నుంచి 20 డిగ్రీలు ఉంటే మంచిది. పైన ప్లాస్టిక్ సంచి తొడగండి, కానీ రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వండి. లోపల నీటి బొట్లు కారుతూ ఉంటే ఆకుల మీద బూజు వస్తుంది, బూజు వచ్చిన ఆకుని వెంటనే తీసేయాలి. సుమారు మూడు వారాలకి కొత్త ఆకు వేయడం మొదలుపెడుతుంది. అప్పుడు తొమ్మిది సెంటీమీటర్ల కుండీలోకి మార్చి, నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, కింద మెడ కూడా లావెక్కుతుంది. రాత్రి మంచు భయం పోయాక, మే చివర్లో, వారం పది రోజులు కొద్దికొద్దిగా బయటి గాలికి అలవాటు చేసి అప్పుడు బయట పెట్టండి. మొదటి శీతాకాలం మాత్రం ఏ కటింగ్ మొక్కనీ బయట వదలకండి.

ఈ ఏడాది మీ మొక్క జూన్‌లో లేస్తే కటింగ్‌లు తీయాలని తొందరపడకండి. బంకమట్టిలో శీతాకాలం గడిపి, అలిసిపోయి ఉంటుంది. ఉన్న నాలుగు మొలకలూ దానికే వదలండి. అక్టోబరులో జాగ్రత్తగా తవ్వి తీసి, ఫిబ్రవరి నుంచి నేను చెప్పినట్టు మొదలుపెట్టండి.

దుంపల విభజన తేలిక, కానీ పెద్దగా పెరిగిన మొక్కకే. మొగ్గలు ఉబ్బి కనిపించే దాకా ఆగి, ఒక్కో ముక్కకి మెడలో మొగ్గ, కింద కనీసం ఒక దుంప వచ్చేలా కోసి, కోసిన చోటు ఒక రోజు ఆరనిచ్చి నాటాలి. రెండుకన్నా ఎక్కువ ముక్కలకి ఆశపడకండి. మీ మొక్క వయసుకి ఇది ఇప్పుడు వద్దు.

విత్తనం దొరికితే ఫిబ్రవరి చివర్లో ఇంట్లో చల్లండి. పైన పల్చగా మట్టి, 20 డిగ్రీల దగ్గర వెచ్చదనం. మొలక ఒక్కసారిగా రాదు, ఒకటి ఇవాళ, ఇంకోటి పది రోజులకి. ట్రే పారేయకుండా నెలంతా ఉంచండి.

కుండీ విషయానికి వస్తే పాతిక, ముప్పై సెంటీమీటర్ల మట్టి కుండీ, జాన్ ఇన్నెస్ నంబర్ 2 (ఇక్కడ సంచుల్లో అమ్మే కుండీ మట్టి మిశ్రమం) రెండు వంతులు, గరుకు ఇసుక గానీ చిన్న గులకరాళ్ళు గానీ ఒక వంతు. మెడ మట్టికి రెండు, మూడు సెంటీమీటర్ల కింద ఉండాలి. రోజంతా ఎండ తగిలే చోట పెట్టండి. వేసవిలో కుండీ ఎండిపోనివ్వకండి, మొగ్గ తొడిగాక రెండు వారాలకోసారి టమాటా ఎరువు ఇవ్వండి. ఆకుల్ని పెంచే నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులే వస్తాయి. వాడిన పువ్వుని కాడ మొదలు దాకా కోసేయండి. జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో, గాలి వెచ్చగా ఉన్నప్పుడు మాత్రమే చాక్లెట్ వాసన బాగా తెలుస్తుంది. దగ్గరగా వంగి చూస్తే రేకు మీద మఖమల్ నూగు, ఎండ తగిలిన అంచున దాదాపు నలుపు మీద ఎరుపు మెరుపు కనిపిస్తాయి. కాబట్టి కుండీని కూర్చునే బల్ల పక్కన, ముక్కుకి అందే ఎత్తులో పెట్టుకోండి.

నత్తల మీద మాత్రం ఇప్పుడే కన్నేయండి. మే, జూన్‌లలో మొలక మట్టి దాటే రాత్రే వాటికి దొరుకుతుంది. పొద్దున మీకు ఏమీ కనిపించదు, ఇంకా మొలవలేదనుకుంటారు. ఇలా వరసగా నాలుగు మొలకలు పోతే దుంపలో బలం అయిపోతుంది. పాత నీలం గుళికలు, అంటే మెటాల్డిహైడ్ ఉన్నవి, 2022 నుంచి ఇక్కడ నిషేధం. షెడ్డులో పాతవి ఉంటే వాడకండి. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు వాడొచ్చు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్ళి ఏరేయడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

చలికాలం నిల్వ. మొదటి మంచుకి పైభాగం నల్లబడగానే కాడల్ని పది సెంటీమీటర్లు ఉంచి కోయండి. కుండీలో ఉంటే కుండీతో సహా మంచు రాని గరాజులో పెట్టండి, పక్కకి వాల్చి పెడితే పొరపాటున కూడా నీళ్ళు పడవు. తవ్వి తీస్తే డాలియాల్లా గాలికి ఆరబెట్టకండి. డాలియా దుంప పెద్దది, ఎండకి ఓర్చుకుంటుంది. ఇవి సన్నవి, అల్మరాలో నెలరోజుల్లో ముడుచుకుపోతాయి. చేత్తో పిండితే నీరు రాని, కానీ చల్లగా తగిలే పాటి తేమ ఉన్న కంపోస్ట్‌లో పాతి, డబ్బా మూత కొద్దిగా తెరిచి, అయిదు నుంచి పది డిగ్రీల చోట ఉంచండి. నెలకోసారి ఒక దుంపని నొక్కి చూడండి. ముడతలు పడితే కాసిని నీళ్ళు చిలకరించండి, మెత్తబడితే ఆ దుంపని తీసేసి మిగతావాటిని కాపాడండి.

ఒక చిన్న మాట. చాకమోకా లాంటి కొన్ని రకాలకి పెంపకందారు హక్కులు, అంటే ఆ రకాన్ని తయారుచేసినవాళ్ళకే అమ్ముకునే హక్కు, ఉన్నాయి. మీ ఇంటికోసం కటింగ్ పెట్టుకుంటే ఇబ్బంది లేదు, అమ్మడం మాత్రం కుదరదు. ట్యాగ్ దాచి ఉంచండి.

చివరగా హైదరాబాద్. దుంపని సూట్‌కేసులో వేసుకుని వెళ్ళకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం నాటే మొక్కలు, దుంపలు, విత్తనాలు ఇండియాలోకి తేవాలంటే ముందుగా దిగుమతి పర్మిట్, ఇక్కడి అధికారుల ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవనే పత్రం) రెండూ కావాలి. అవి లేకుండా పట్టుబడితే తీసేసుకుంటారు. అది అటుంచినా, చల్లటి రాత్రుల కొండ మొక్క ఇది. ఏప్రిల్, మేలలో నలభై డిగ్రీలు దాటే డాబా మీద, కుండీలో దుంప ఉడికిపోతుంది. అమ్మగారు దాన్ని కాపాడలేక బాధపడతారు.

ఆవిడకి కాస్మోస్ అంటే ఇష్టమైతే దీని చుట్టాలే అక్కడ హాయిగా పెరుగుతాయి. నారింజ, పసుపు రంగుల్లో పూసే కాస్మోస్ కూడా మెక్సికో మొక్కే, హైదరాబాద్ ఎండకి అలవాటు పడిపోయింది, విత్తనాలు నర్సరీల్లో దొరుకుతాయి. జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఒకసారి, అక్టోబరులో ఇంకోసారి కుండీలోనే నేరుగా చల్లమనండి. పైన పావు అంగుళం మట్టి చాలు, నెలన్నర రెండు నెలల్లో పూలు మొదలవుతాయి. మీరు డిసెంబరులో వెళ్ళేసరికి అక్టోబరులో వేసినవి పూతలో ఉంటాయి.